కంపెనీలు బ్లాగులు రాసిన రోజులు

2004 సెప్టెంబర్‌లో అమెరికాలో ఒక తాళం పరువు బజారున పడింది. క్రిప్టొనైట్ కంపెనీ సైకిల్ తాళమంటే దొంగలకు కొరుకుడు పడనిదని అక్కడ పేరు. వంచిన లావుపాటి ఉక్కు కడ్డీ, దాని కొసలను కలుపుతూ అడ్డంగా బిగించే మరో కడ్డీ, గుండ్రటి గొట్టం ఆకారంలో తాళంచెవి. ఖరీదెక్కువైనా కొనుక్కున్నవాళ్లు సైకిల్‌ను వీధి స్తంభానికి కట్టేసి నిశ్చింతగా ఆఫీసుకు వెళ్లేవారు. ఒక సైకిలిస్టు బిక్ బాల్‌పెన్ వెనక బిరడా పీకేసి, ఆ ప్లాస్టిక్ గొట్టాన్ని తాళం కన్నంలోకి నొక్కి, కాసేపు అటూ ఇటూ ఆడించి తిప్పాడు. తాళం ఊడి చేతికొచ్చింది.

ఆ సంగతి అతను ఇంటర్నెట్‌లో పెట్టాడు. రెండు రోజుల్లో ఎంగాడ్జెట్ అనే బ్లాగు వీడియోతో సహా అందుకుంది. వారం తిరక్కుండానే న్యూయార్క్ టైమ్స్ అచ్చు వేసింది. మా తాళాలు ఇప్పటికీ దొంగలను నిలువరిస్తాయంటూ కంపెనీ మధ్యలో ఇచ్చిన ప్రకటన మంటలో నెయ్యి పోసినట్టయింది. పాత తాళాలు తెస్తే ఉచితంగా కొత్తవి ఇస్తామని ప్రకటించేసరికి పది రోజులు గడిచాయి. చివరికి లక్షల తాళాలు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. బ్లాగులను మొదటి నుంచీ గమనిస్తూనే ఉన్నామని, మార్పిడి ఏర్పాట్లు తేలడానికే అంత సమయం పట్టిందని కంపెనీ తర్వాత చెప్పుకుంది. అది నిజమే కావచ్చు. కాని ఏర్పాట్లు జరుగుతున్నాయన్న ముక్క ఆ పది రోజుల్లో ఎక్కడ చెప్పాలో, ఎవరు చెప్పాలో, ఏ గొంతుతో చెప్పాలో ఆ కంపెనీలో ఎవరికీ తట్టలేదు. తట్టకపోవడంలో వింత లేదు. అప్పటికి దాదాపు నూరేళ్లుగా పౌరసంబంధాల వృత్తికి తెలిసిన పనిముట్టు ఒక్కటే: పత్రికా ప్రకటన.

దాని పుట్టుక కూడా ఒక ప్రమాదంతోనే ముడిపడి ఉంది. 1906 అక్టోబర్ 28న న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌కు చెందిన విద్యుత్ రైలు వంతెన మీద పట్టాలు తప్పి నీళ్లలో పడింది. యాభై మందికి పైగా చనిపోయారు. అప్పటిదాకా రైలు కంపెనీల అలవాటు ఒకటే, ప్రమాదం జరిగితే విలేకరులను దరిదాపులకు రానివ్వకపోవడం. ఆ కంపెనీకి సలహాదారుగా ఉన్న మాజీ విలేకరి ఐవీ లీ దీనికి పూర్తిగా ఎదురు వెళ్లాడు. విలేకరులను రైలెక్కించి ప్రమాద స్థలానికి పంపాడు. జరిగింది జరిగినట్టు కంపెనీ తరఫున రాసి పత్రికలకు ఇచ్చాడు. న్యూయార్క్ టైమ్స్ దాన్ని అక్టోబర్ 30న రైలు కంపెనీ ప్రకటనగానే ప్రచురించింది. పత్రికా ప్రకటనల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ఇక్కడి నుంచే మొదలుపెడతారు.

అదే ఏడాది బొగ్గు గనుల సమ్మె సందర్భంగా లీ పత్రికలకు తన నియమాలు కూడా రాసి పంపాడు. మాది చాటుమాటు వ్యవహారం కాదు, ఎవరి తరఫున మాట్లాడుతున్నామో దాచిపెట్టం, అడిగిన వివరాలు ఇస్తాం అన్నది వాటి సారాంశం. ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఆ మాట ఆయనే తప్పాడు. 1914 ఏప్రిల్‌లో కొలరాడోలోని లడ్లోలో రాక్‌ఫెల్లర్ల గని సమ్మెకారుల గుడారాల మీద దాడి జరిగింది. స్త్రీలు, పిల్లలు సహా ఎందరో చనిపోయారు. ఆ తర్వాత గని యాజమాన్యాల పేరుతో దేశమంతటా పంచిన బులెటిన్లను నిజానికి రాసింది లీ. వాటిలో యూనియన్ నాయకుల జీతాలను ఎన్నో రెట్లు పెంచి చూపారు. ఆయన పాత్ర విచారణ సంఘం ముందుకు వచ్చాక బయటపడింది. రచయిత అప్టన్ సింక్లెయిర్ ఆయన పేరు మీదే ఆడుకుంటూ తగిలించిన 'విషపు తీగ' (పాయిజన్ ఐవీ) అనే పేరు చచ్చేదాకా వదల్లేదు.

ఈ ఇద్దరు లీలనూ గుర్తుపెట్టుకుంటే తర్వాతి కథ తేలిగ్గా అర్థమవుతుంది. ఎవరి తరఫున మాట్లాడుతున్నాడో చెప్పి మాట్లాడినవాడు ఒకరు, పరాయి పేరు చాటున రాసినవాడు మరొకరు. తర్వాత ఏ పనిముట్టు వచ్చినా ఇద్దరి చేతుల్లోనూ పడింది.

మధ్యలో దాదాపు తొంభై ఏళ్లు పెద్ద మార్పేమీ లేదు. 1954లో న్యూయార్క్‌లో పీఆర్ న్యూస్‌వైర్, 1961లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బిజినెస్ వైర్ మొదలై, కంపెనీల ప్రకటనలను టెలిప్రింటర్ మీద నేరుగా పత్రికా కార్యాలయాలకు చేరవేశాయి. తర్వాత ఫ్యాక్స్, ఆపైన ఈమెయిల్ వచ్చాయి. పని తీరు మాత్రం అదే. ప్రకటన రాయడం, పంపడం, ఫోన్ చేసి అందిందా అని అడగడం, మర్నాడు కత్తెర పట్టుకుని కటింగులు తీయడం. కటింగ్‌ను తెల్ల కాగితం మీద అతికించి పైన పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు రాసేవారు. స్కేలు పెట్టి కాలమ్ పొడవు కొలిచేవారు. అంత స్థలంలో డబ్బు కట్టి వాణిజ్య ప్రకటన వేయించుకుంటే ఎంత ఖర్చయ్యేదో లెక్కగట్టి, అంత లాభం తెచ్చామని యజమాని ముందు ఫైలు పెట్టేవారు. మన జిల్లాల్లో పౌరసంబంధాల కార్యాలయాల్లో కొంతకాలం పనిచేసినవాళ్లెవరికైనా ఆ గమ్ సీసా, ఆ కటింగుల ఫైలు గుర్తుండే ఉంటాయి.

ఈ ఏర్పాటులో నడుమ ఒక ద్వారపాలకుడు ఉన్నాడు. కంపెనీ ఏం చెప్పినా డెస్క్‌లో కూర్చున్న సబ్ ఎడిటర్ దాటించాలి. జనం ఏం అనాలన్నా సంపాదకుడికి లేఖ రాసి, అచ్చయ్యే రోజు కోసం ఎదురుచూడాలి. 1999 తర్వాత ఆ ద్వారం పక్కనే గోడ కూలిపోయింది. ఆ ఏడాది ఆగస్టులో పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ బ్లాగర్‌ను విడుదల చేసింది. పెట్టెలో విషయం టైపు చేసి మీట నొక్కితే పేజీ ప్రపంచానికి కనిపించేది. వెబ్ సాంకేతికత తెలియాల్సిన పని లేదు. 2003 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని కొనేసింది. అదే ఏడాది మేలో వర్డ్‌ప్రెస్ వచ్చింది. బ్లాగులన్నిటినీ వెతికిపెట్టే టెక్నొరాటి 2002 చివర్లో మొదలై, 2004 అక్టోబర్ నాటికి 40 లక్షలకు పైగా బ్లాగులను లెక్కలోకి తెచ్చింది.

పౌరసంబంధాల అధికారుల (పీఆర్వోల) బల్ల మీద సరంజామా మారిపోయింది. పొద్దున్నే బ్లాగ్‌లైన్స్ అనే సైటు తెరిస్తే ఎడమ వైపు బ్లాగుల పేర్లు, పేరు పక్కనే బొద్దు అక్షరాల్లో చదవని టపాల సంఖ్య. ఏ బ్లాగు దగ్గరికీ పోనక్కర్లేకుండా కొత్త రాతలను తెచ్చి ఒకచోట పడేసే ఆర్‌ఎస్‌ఎస్ దానికి ఆధారం. గూగుల్ అలర్ట్స్‌లో కంపెనీ పేరు, అధ్యక్షుడి పేరు, పోటీదారు పేరు నమోదు చేసి పెట్టుకుంటే ఎక్కడ ప్రస్తావన వచ్చినా ఈమెయిల్ వచ్చేది. కత్తెర, గమ్ పని ఇక యంత్రానిది. అయితే కత్తెర కాలంలో కటింగ్ ఫైలు చేరాక ఆ పూట పని అయిపోయేది, ఇప్పుడు కటింగ్ చదవగానే అసలు పని మొదలయ్యేది. రాసినవాడు జవాబు కోసం అక్కడే కూర్చుని ఉన్నాడు మరి.

అందరికంటే ముందు ధైర్యం చేసినవాళ్లు పీఆర్వోలు కారు. మైక్రోసాఫ్ట్‌లో 2003లో చేరిన రాబర్ట్ స్కోబుల్ సొంత బ్లాగులో సొంత కంపెనీని తిట్టేవాడు, పోటీదారు సరుకు బాగుంటే బాగుందనేవాడు. తన కంపెనీలో లోపాలు ఒప్పుకునే మనిషి పొగిడినప్పుడు జనం నమ్మారు. జనరల్ మోటార్స్‌లో డెబ్బై దాటిన ఉపాధ్యక్షుడు బాబ్ లట్జ్ 2005 జనవరిలో ఫాస్ట్‌లేన్ అనే బ్లాగు మొదలుపెట్టాడు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జొనాథన్ ష్వార్ట్జ్ 2004 నుంచీ రాస్తూ, 2006లో సీఈవో అయ్యాక కూడా ఆపలేదు. ప్రకటన రాసి, దాన్ని న్యాయ విభాగానికి పంపి, వాళ్లు పీకేయగా మిగిలిన ముక్కలను పత్రికలకు పంపే పద్ధతికి అలవాటు పడ్డ కమ్యూనికేషన్ శాఖలకు ఇది మింగుడుపడలేదు.

దీనంతటిలో నిజంగా తల బొప్పి కట్టి నేర్చుకున్న కంపెనీ డెల్. 2005 జూన్‌లో పాత్రికేయుడు జెఫ్ జార్విస్ కొత్తగా కొన్న డెల్ ల్యాప్‌టాప్ మొరాయించింది. ఇంటికొచ్చి బాగుచేసే సేవకు అదనంగా డబ్బు కట్టినా ఎవరూ రాలేదు. ఆయన తన బజ్‌మెషీన్ బ్లాగులో ఆ బాధను వరుస టపాలుగా రాశాడు. కింద వందల మంది తమ తమ డెల్ కష్టాలు కలిపారు. 'డెల్ నరకం' అనే మాట పత్రికలకెక్కింది. బ్లాగులను చూడండి, ముట్టుకోకండి అన్నదే అప్పట్లో డెల్ పాటించిన విధానం. ఏడాది తర్వాత, 2006 జులైలో, డైరెక్ట్2డెల్ పేరుతో సొంత బ్లాగు తెరిచింది. మొదట్లో అందులోనూ ప్రచారపు వాసనే ఉందని పాఠకులు ఎద్దేవా చేశారు. అదే సమయంలో జపాన్‌లోని ఒసాకాలో ఒక సమావేశంలో డెల్ ల్యాప్‌టాప్ బల్ల మీదే మంటలు లేచిన ఫొటో ఇంటర్నెట్‌లో తిరుగుతోంది. బ్లాగు నిర్వహిస్తున్న లయనెల్ మెంచాకా ఆ ఫొటో గురించి బ్లాగులోనే టపా రాసి, ఆ వార్తకు లింకు కూడా ఇచ్చాడు. తమ సరుకు కాలిపోతున్న బొమ్మకు తమ చేతులతోనే దారి చూపడం అప్పటి కంపెనీల్లో ఊహించరానిది. ఆగస్టులో డెల్ సోనీ తయారీ బ్యాటరీలు 41 లక్షలు వెనక్కి పిలిచింది. ఆ వేళకు అడిగేవాళ్లకు జవాబు చెప్పే చోటు సిద్ధంగా ఉంది. మరుసటి ఏడాది జార్విస్ స్వయంగా టెక్సస్‌కు వెళ్లి, డెల్ వినడం నేర్చుకుందని రాశాడు.

రెండో లీ కూడా ఊరుకోలేదు. 2006 శరత్కాలంలో ఒక జంట మోటారు ఇంట్లో లాస్‌వెగాస్ నుంచి జార్జియా దాకా ప్రయాణిస్తూ, దారిలో ప్రతి రాత్రీ వాల్‌మార్ట్ పార్కింగ్ స్థలంలో ఆగుతూ, అక్కడి ఉద్యోగులు ఎంత సంతోషంగా ఉన్నారో బ్లాగులో రాసింది. కలిసిన ప్రతివాడూ వాల్‌మార్ట్‌ను మెచ్చుకునేవాడే. అక్టోబర్‌లో బిజినెస్‌వీక్ గుట్టు విప్పింది. బండికి, పెట్రోలుకు, రాతకు డబ్బు వాల్‌మార్ట్ అనుకూల సంఘం నుంచి వస్తోంది. ఆ సంఘం వెనక ఉన్నది వాల్‌మార్ట్‌కు పౌరసంబంధాలు చూసే ఎడెల్మన్ సంస్థ. ఎడెల్మన్ మామూలు సంస్థ కాదు. బ్లాగుల గురించి అందరికంటే ఎక్కువ ఉపన్యాసాలు ఇచ్చినది, నోటిమాట ప్రచారంలో నిజాయతీ నియమావళి తెచ్చిన సంఘంలో సభ్యత్వం ఉన్నది. అధిపతి రిచర్డ్ ఎడెల్మన్ తన బ్లాగులో తప్పు తమదేనని ఒప్పుకున్నాడు. మోటారు ఇంటి మీద 'ఈ ప్రయాణం ఖర్చు మాది' అని ఒక్క బోర్డు కట్టి ఉంటే అదొక మామూలు ప్రచార యాత్రగా, బహుశా ముచ్చటైన యాత్రగా, మిగిలిపోయేది. ఆ బోర్డుకు పెద్ద ఖర్చేం కాదు.

అదే ఏడాది ఫిబ్రవరిలో, ఫైనాన్షియల్ టైమ్స్ వదిలి బ్లాగరైన టామ్ ఫొరెమ్‌స్కీ, పత్రికా ప్రకటన చావాలని పదేపదే శపిస్తూ వ్యాసం రాశాడు. పొగడ్తలు, ఉత్తుత్తి వ్యాఖ్యలు తీసేసి వివరాలను విడివిడి ముక్కలుగా, లింకులతో ఇవ్వండి అన్నది ఆయన గోడు. మే నెలలో షిఫ్ట్ కమ్యూనికేషన్స్‌కు చెందిన టాడ్ డెఫ్రెన్ సరిగ్గా అలాంటి నమూనాను తయారు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. దానికి సోషల్ మీడియా ప్రెస్ రిలీజ్ అని పేరు. ఫొటోలు ఒకచోట, వీడియో ఒకచోట, ఆర్‌ఎస్‌ఎస్ లింకు, లింకులు భద్రపరిచే డెలీషస్ సైటులో దాచుకోవడానికి గుర్తు. కొన్నాళ్లు వాడకంలో ఉండి కరిగిపోయింది. శపించిన ప్రకటన మాత్రం చావలేదు. చిత్రమేమంటే, ఫొరెమ్‌స్కీ శాపానికి నెల రోజుల ముందే వారెన్ బఫెట్ కంపెనీ బెర్క్‌షైర్ హాథవే, బిజినెస్ వైర్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. ఎవరి అంచనా నిలిచిందో వేరే చెప్పక్కర్లేదు.

ప్రకటనను కాపాడింది పాత అలవాటొక్కటే కాదు, చట్టం కూడా. లాభనష్టాల మీద ప్రభావం చూపే సమాచారాన్ని కొందరి చెవిలో ఊదకుండా మదుపరులందరికీ ఒకేసారి చెప్పాలని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2000లో నిబంధన తెచ్చింది. వైర్ సంస్థ ద్వారా పంపితే ఆ షరతు తీరినట్టే. సన్ సీఈవో ష్వార్ట్జ్ 2006 సెప్టెంబర్‌లో కమిషన్ ఛైర్మన్ క్రిస్టఫర్ కాక్స్‌కు లేఖ రాశాడు. నా బ్లాగు ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చదవొచ్చు, అది వైర్ కంటే ఎక్కువ బహిరంగం కాదా అని ప్రశ్న. నవంబర్‌లో కాక్స్ జవాబిచ్చాడు. ఉత్తరంతో పాటు, అదే విషయాన్ని ష్వార్ట్జ్ బ్లాగు కింద వ్యాఖ్యగా కూడా పెట్టాడు. స్టాక్ మార్కెట్‌ను శాసించే అధికారి ఒక బ్లాగు కింద వ్యాఖ్య రాయడం చూసి వాల్‌స్ట్రీట్ ముక్కున వేలేసుకుంది. 2008 ఆగస్టులో కమిషన్ కంపెనీ వెబ్‌సైట్లకు, బ్లాగులకు షరతులతో దారి తెరిచింది. 2012 జులైలో నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్, తమ చందాదారులు నెలలో వంద కోట్ల గంటలు చూశారని సొంత ఫేస్‌బుక్ పేజీలో రాసి కమిషన్ కంట్లో పడ్డాడు. విచారణ తర్వాత 2013 ఏప్రిల్‌లో కమిషన్ తేల్చింది: ఏ ఖాతాలో చెబుతారో మదుపరులకు ముందుగా తెలియజేస్తే సోషల్ మీడియాలోనూ ప్రకటించవచ్చు. ఇక్కడా ప్రశ్న అదే, మాట్లాడేది ఎవరో ముందుగా తెలియాలి. ఇంత పోరాడిన సన్‌ను అప్పటికే ఒరాకిల్ కొనేసింది. ష్వార్ట్జ్ 2010 ఫిబ్రవరిలో తన రాజీనామాను ట్విట్టర్‌లో హైకూగా రాసి వెళ్లిపోయాడు.

ట్విట్టర్ వచ్చాక తీరికగా టపా రాసే రోజులు పోయాయి. 2008లో ట్వీట్‌డెక్, హూట్‌సూట్ పుట్టి, ఒకే తెర మీద పది ఖాతాలను నిలువు వరుసల్లో పరిచాయి. సొంత ఖాతా, కంపెనీ ఖాతా పక్కపక్కనే. ఈ సౌకర్యంలోనే చిక్కుంది. 2011 ఫిబ్రవరిలో అమెరికన్ రెడ్‌క్రాస్ ఉద్యోగి ఒకరు హూట్‌సూట్‌లో సొంత ఖాతా అనుకుని, బీరు సీసాలు దొరికాయన్న సంబరాన్ని సంస్థ ఖాతాలోంచి లోకానికి చాటారు. లక్షల మంది అనుసరించే ఖాతా అది. అర్ధరాత్రి నిద్రలేచిన అధికారులు దాన్ని తుడిచేసి, రెడ్‌క్రాస్ మత్తులో లేదని, తాళంచెవులు స్వాధీనం చేసుకున్నామని సరదాగా జవాబిచ్చారు. ఉద్యోగి కూడా తప్పు తనదేనని బాహాటంగా చెప్పుకున్నారు. ఆ బీరు అభిమానులు రెడ్‌క్రాస్‌కు విరాళాలు ఇవ్వడంతో కథ సుఖాంతమైంది. ఐవీ లీ బతికి ఉంటే మెచ్చుకునేవాడు, కనీసం 1906 నాటి లీ.

వినే యంత్రాలు కూడా పెద్దవయ్యాయి. కెనడాలోని ఫ్రెడెరిక్టన్‌లో 2006లో మొదలైన రేడియన్6, ఏ మూల కంపెనీ పేరు వినిపించినా పట్టి, అది పొగడ్తో తిట్టో విడదీసి చూపేది. డెల్ 2010 డిసెంబర్‌లో దాని సాయంతో గోడ నిండా తెరలున్న గదినే తెరిచింది. 2011లో సేల్స్‌ఫోర్స్ రేడియన్6ను 30 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొంది. కటింగులను వాణిజ్య ప్రకటన ధరతో కొలిచే పాత లెక్క చెల్లదని వృత్తి సంఘాలు 2010లో బార్సిలోనాలో తీర్మానించుకున్నాయి. అయినా ఆ లెక్క ఇప్పటికీ చాలా ఫైళ్లలో కనిపిస్తుంది. యజమానులకు రూపాయల్లో చెబితేనే ఎక్కుతుంది!

తెలుగులో 2006 ప్రాంతంలో తెలుగు టైపు చేసే లేఖిని, బ్లాగులను ఒకచోట చూపే కూడలి వచ్చి బ్లాగులకు ఊపు తెచ్చాయి. కాని అక్కడ రాసింది ఎక్కువగా కథలు, వంటలు, రాజకీయాలు, భాషాభిమానం. కంపెనీలు తెలుగులో బ్లాగులు రాసే దశ ఇక్కడ రానేలేదు. పత్రికా ప్రకటన ఫ్యాక్స్ నుంచి ఈమెయిల్‌కు, అక్కడి నుంచి విలేకరుల వాట్సాప్ గ్రూపుకు దూకింది. దాని పక్కనే యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఇన్‌ఫ్లుయెన్సర్ల బజారు వెలిసింది. ఇక్కడికొచ్చేసరికి వాల్‌మార్ట్ మోటారు ఇల్లు తెలుగు వీధుల్లో తిరగడం మొదలుపెట్టింది.

డబ్బు పుచ్చుకుని చేసే పోస్టుకు ఆ ముక్క పైనే కనబడేలా రాయాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. అంతకు పన్నెండేళ్ల ముందే, 2009లో, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ బ్లాగర్లకు ఇదే మాట చెప్పింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ మరో అడుగు వేసి, ప్రచారం ఏ భాషలో ఉంటే ఆ వెల్లడి కూడా అదే భాషలో ఉండాలంది. 2025 మార్చిలో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారంటూ యూట్యూబర్ల మీద, సినిమా నటుల మీద కేసులు పెట్టాకగాని ఈ విషయం ఇళ్లలో చర్చకు రాలేదు.

ఈసారి ఎవరైనా తెలుగులో ఒక నూనెనో, కోచింగ్ సెంటర్‌నో, ప్లాటునో మనసారా మెచ్చుకుంటుంటే, వీడియో కింద మొదటి రెండు పంక్తులు చదవండి. ఖర్చు ఎవరిదో తెలుగులో రాసి ఉందా అని చూడండి. లేకపోతే వ్యాఖ్యల్లో అడగండి.